పెట్టె చచ్చిపోతే ఏ రంగు?

ఆ గనికి నేను నాలుగు మార్కులు వేశాను. ఐదుకు నాలుగు. ఈ సంగతి ఒకరిద్దరితో చెప్పుకుంటే, "నాలుగంటే మంచి మార్కులే కదా, దానికెందుకు బాధ?" అన్నారు. మంచి మార్కులే. నా బాధంతా అదే.

నా పేరు ఓబుళేశు. కర్నూలును ఆనుకొని ఉన్న కల్లూరులో మా ఇల్లు. ముప్పై ఏళ్లు గనుల్లో ఫోర్‌మన్‌గా తిరిగి, మోకాళ్లు మొరాయించాక ఈ మార్కులేసే ఉద్యోగంలోకి వచ్చాను. ఇప్పుడు గనుల్లో అన్నీ తెర మీద కనబడాలట. లారీ ఎక్కడుందో, గోడ ఎంత కదిలిందో, ఏ మనిషి ఎక్కడ నిలబడ్డాడో, జరిగింది జరిగిన క్షణానే కంప్యూటర్‌కి తెలియాలి. అలాంటి ఏర్పాటు మొదలుపెట్టే ముందు ఆ గని దానికి సిద్ధంగా ఉందో లేదో ఒకడు వచ్చి చూడాలి. ఆ ఒకణ్ణి నేను. నా దగ్గర నలభై రెండు ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి ఐదు మార్కులు, చివర సగటు. నాలుగు వస్తే ‘సిద్ధం’ అని రాస్తాను. అంతకంటే తగ్గితే ‘ఇంకా పని ఉంది’ అని రాస్తాను, అప్పుడు గనివాళ్లకు నా మీద మంట.

నాకు ముక్కు మీద కోపం. ఆకలైతే ఆ కోపం రెండింతలవుతుంది. ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు. నా ఆకలికి కూడా ఈ కథలో భాగముంది కనుక చెబుతున్నాను.

ముగ్గురాయి, అదే బెరైటీస్, అనగానే అందరూ మంగంపేట అంటారు. నేను వెళ్లింది అక్కడికి కాదు. కడప నుంచి అటు పోయే దారిలోనే, రోడ్డు దిగి గుట్టల వెనక్కి వెళితే ఒక ప్రైవేటు గని వస్తుంది. మరీ పెద్దది కాదు. మెట్లు మెట్లుగా తవ్విన గుంత, నాలుగు వైపులా నాలుగు గోడలు, అడుగున రెండు పొక్లెయిన్లు, పది మంది దాకా మనుషులు. పోయిన ఆగస్టులో ఒక బుధవారం అక్కడ దిగాను. గేటు దగ్గర నాకోసం నిలబడ్డ మనిషిని చూసి ఆశ్చర్యపోయాను.

"ఏమప్పా గాబ్రియేలూ, నువ్వు ఈడుండావా?"

"యాడికి పోతా సార్. ఈడే మేట్‌గా చేస్తాండా, పన్నెండేళ్లాయె. మీరే శానా తెల్లబడినారు" అన్నాడు నా జుట్టు చూసి నవ్వుతూ.

మేట్ అంటే షిఫ్టు దిగే ముందు గోడలు చూసి, ఈ పూట కిందికి దిగొచ్చో లేదో చెప్పే మనిషి. ముప్పై రెండేళ్ల కిందట పులివెందుల వైపు ఒక చిన్న గనిలో నేను కొత్త ఫోర్‌మన్‌ని, గాబ్రియేలు డ్రిల్లు మీద కూలీ. అప్పుడే అతనికి ఒక విచిత్రమైన అలవాటుండేది. గోడ పైఅంచున నేల నెర్రె విచ్చిన చోట, ముగ్గురాయి పొడిని నీళ్లలో చిక్కగా కలిపి, ఆ నెర్రెకు అడ్డంగా వేళ్లతో తెల్లటి గీత గీసేవాడు. సాయంత్రం గీస్తే రాత్రికి ఎండి గట్టిపడేది. పొద్దున వచ్చి చూసేవాడు. గీత అలాగే ఉంటే గోడ కదల్లేదు. గీత తెగి, ఈ ముక్క ఆ ముక్కకు ఎదురుగా లేకుండా జరిగిపోయి ఉంటే, ఆ పూట ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు.

గాబ్రియేలుది క్రైస్తవ కుటుంబం, వాళ్ల తాతల నాటి నుంచి సంఘంలో పెద్దలు. ఇంటి ముందు ముగ్గు వేయరు. అతని భార్య సంతోషమ్మ ఆ రోజుల్లోనే అందరి ముందూ అతన్ని ఆటపట్టించేది. "మా వాకిట్లో నేనొక్క దినం ముగ్గెయ్యలేదు సార్. ఈయప్ప పోయి గనిలో ఏసొస్తాడు" అని. గనిలో అతని పేరు ముగ్గు గాబ్రియేలు. నేనూ అలాగే పిలిచి నవ్వినవాణ్ణే. ఒకరోజు అతను దిగొద్దన్నందుకు నేను తిట్టిపోసి, మధ్యాహ్నం దాకా పని ఆగిపోయిందని ఎగిరెగిరి పడ్డాను. రెండు గంటలకు ఆ గోడ జారింది. కింద ఒక్క మనిషీ లేడు. ఆ రోజు నుంచి నేను నవ్వలేదు. అంటే, నాకు తెలుసు. ఆ గీతల విలువ తెలియని వాడైతే అదొక రకం. నాకు తెలిసి కూడా చేశానే, అది మింగుడుపడదు.

మేనేజరు హర్షవర్ధన్ కుర్రాడు, చురుకైనవాడు, మర్యాద తెలిసినవాడు. దీపావళి లోపల ఈ ఏర్పాటు మొదలవ్వాలని హెడ్డాఫీసు అతని మెడ మీద కూర్చుంది. నన్ను కంట్రోల్ రూముకి తీసుకెళ్లాడు. అక్కడ సుప్రజ అనే ఇంజనీరమ్మాయి పెద్ద తెర ముందు కూర్చొని ఉంది. తెర మీద గని బొమ్మ, నాలుగు గోడల మీద ఇరవై నాలుగు చుక్కలు. ఒక్కో చుక్క గోడ మీద పాతిన ఒక్కో సెన్సారు పెట్టె. గోడ నిలకడగా ఉంటే చుక్క పచ్చన. కదిలితే పసుపు. బాగా కదిలితే ఎరుపు, వెంటనే సైరన్. ఉత్తరం గోడ మీద ఒక పెట్టెను చేత్తో కదిలించి చూశాం. నలభై సెకన్లలో చుక్క ఎర్రబడి, సైరన్ గుంత మొత్తం మోగింది. నాకు ముచ్చటేసింది. అబద్ధం ఎందుకు, నేను ఫోర్‌మన్‌గా ఉన్న రోజుల్లో ఇలాంటిది ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

పనివాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి ప్రశ్నలడిగాను. "సైరన్ మోగితే ఏం చేస్తారు?" "ఎక్కొచ్చేస్తాం సార్." "ఫోన్‌లో సందేశం వస్తే చదువుతారా?" "అయితాది సార్." "కొత్త పద్ధతి అర్థమైందా?" "అయితాది సార్." మేనేజరు పక్కనే కుర్చీలో ఉన్నాడు. మన మనుషులు పెద్దమనిషి ఎదుట అయితాది అన్నారంటే, అవుతుందని కాదు, ఇక మమ్మల్ని పోనీ అని. ముప్పై ఏళ్లు వాళ్ల మధ్య తిరిగిన నాకు అది తెలియదా? అయినా అయితాది అన్న ప్రతిచోటా నాలుగు వేసుకుంటూ పోయాను.

పన్నెండున్నరకు గాబ్రియేలుతో కలిసి గోడల పైఅంచు చుట్టూ నడిచాను. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. దక్షిణం గోడ చివర, గుట్ట నీడలో ఆఖరి పెట్టె ఉంది. పక్కనే గాబ్రియేలు గీత కూడా ఉంది, తెల్లగా, నెర్రెకు అడ్డంగా, జానెడు పొడవు. పెట్టె ఎంత తళతళలాడుతోందో గీత అంత చిన్నగా కనబడింది.

గాబ్రియేలు పెట్టె ముందు గొంతుక్కూర్చొని, ఆవును చూసినట్టు దాని అన్ని వైపులా చూశాడు. తర్వాత అడిగాడు.

"సార్, గోడ కదిల్తే ఎర్రగా అయితాది. కదలకపోతే పచ్చగా ఉంటాది. సరే. ఈ పెట్టె చచ్చిపోతే ఏం రంగొస్తాది?"

"చచ్చిపోవడమేంది?"

"బ్యాటరీ అయిపాయె. ల్యాకుంటే వైరు ఊడిపాయె. ఈ మూలకు టవరు కూడా సరిగ్గా అందదు సార్, నా ఫోనే పలకదు. అప్పుడు తెర మీద ఏం రంగు?"

నా నలభై రెండు ప్రశ్నల్లో ఆ ప్రశ్న లేదు. మంచి ప్రశ్న అని నాకు అప్పుడే తెలిసింది. అంచు నుంచి నాలుగు అడుగులు ఇవతలికి వచ్చి, ఫోను పలికే చోట నిలబడి, ఈ పెట్టెలు అమ్మిన కంపెనీ కుర్రాడికి ఫోన్ చేశాను. "బూడిద రంగు వస్తుంది సార్, డోంట్ వర్రీ" అన్నాడు. వర్రీ వద్దన్నాడు కదా, మానేశాను. వైరు నా చేతికి అందే దూరంలో ఉంది. స్క్రూడ్రైవరు గాబ్రియేలు జేబులో ఉంది. పీకి, సుప్రజకు ఫోన్ చేసి, అమ్మా ఏం రంగు కనబడుతోంది అని అడిగితే అయిపోయేది. ఇంతలో హర్షవర్ధన్ ఫోన్: "సార్, బిర్యానీ చల్లారిపోతోంది." నాకు పొద్దున రెండు ఇడ్లీల తర్వాత ఏమీ లేదు. తలనొప్పి, కోపం, మోకాళ్ల నొప్పి.

"బూడిద రంగంట లే" అన్నాను గాబ్రియేలుతో.

"సరే సార్" అన్నాడు. లేచి, చేతులు దులుపుకొని, నా వెనకే నడిచాడు. పెట్టె వైపు ఒకసారి తిరిగి చూశాడు కానీ ఇంకేమీ అడగలేదు. గేటు దగ్గర నా కార్డు ఇచ్చి, "ఏదన్నా ఉంటే ఫోన్ చెయ్యప్పా" అన్నాను. దాన్ని చొక్కా జేబులో బైబిలు వచనాల చిన్న పుస్తకంలో పెట్టుకున్నాడు.

కల్లూరు వచ్చాక రిపోర్టు రాశాను. సగటు మూడు పాయింట్ తొమ్మిది వచ్చింది. మూడు పాయింట్ తొమ్మిదిని నాలుగు చేయడానికి ఎవరికైనా ఎంతసేపు పడుతుంది? హర్షవర్ధన్ మంచి కుర్రాడు, బిర్యానీ పెట్టాడు, బస్టాండు దాకా కారు పంపాడు. మొహమాటం ఒకటి. నాలుగు వేశాను.

అంతటితో ఆగినా బాగుండేది. రిపోర్టు చివర ఎప్పుడూ ఉండే సూచనల పేజీ ఒకటి ఉంటుంది. దాన్ని కొత్తగా రాసే ఓపిక లేక, అంతకు ముందు ఒక సున్నపురాయి గనికి రాసిన పేజీనే తెచ్చి అతికించాను. అందులో ఆరో సూచన ఇది: ‘కొత్త వ్యవస్థ మొదలైన నాటి నుంచి పాత అనధికార హెచ్చరిక పద్ధతులను నిలిపివేయాలి. రెండు రకాల సమాచారం సిబ్బందిని గందరగోళపరుస్తుంది.’ ఆ సున్నపురాయి గనిలో ఎవడో ఈలలు వేసి జనాన్ని బెదరగొడుతుంటే రాసిన వాక్యం అది. ఇక్కడ అది ఎవరి మీద పడుతుందో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చదవను కూడా చదవలేదు.

వాళ్లు చదివారు. దీపావళికి ముందు గనిలో నోటీసు అంటించారు. గోడల అంచున ముగ్గు గీతలు గీయరాదు. షిఫ్టు దించాలా వద్దా అనేది కంట్రోల్ రూము చెబుతుంది. గాబ్రియేలును గేటు దగ్గర హెల్మెట్లు చూసే పనికి మార్చారు, అనుమతి లేకుండా గుంతలోకి దిగకూడదన్నారు. నోటీసు కింద ‘నిపుణుల సూచన మేరకు’ అని రాసి ఉందట. ఆ నిపుణులు నేనే.

నవంబరులో నాలుగు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు సాయంత్రం తెరిపిచ్చింది. మరునాడు పొద్దున నేను ఓర్వకల్లు దగ్గర కొత్తగా వచ్చిన ఒక కంపెనీకి మార్కులు వేయడానికి బండి మీద పోతున్నాను. ఎనిమిదికి అక్కడ ఉండాలి. రాతిగుట్టల దగ్గర ఫోన్ మోగింది. బండి పక్కకు ఆపాను. ఏడుకు పది నిమిషాలు తక్కువ.

"సార్, గాబ్రియేలును. గీత తెగినాది సార్. దక్షిణం గోడ. మూడు వేళ్లు జరిగినాది."

"ఇంకా ఆ గీతలు గీస్తాండావా? వద్దని నోటీసిచ్చినారు కదా."

"అలవాటు సార్. బయట గొర్రెల దావన పైకిపోయి గీసొస్తా, గుంతలోకి దిగను."

"తెర మీద ఏముందంట?"

"పచ్చగానే ఉండాది. సుప్రజమ్మ చూపించినాది. తెర పచ్చగుంటే ఆపేకి నాకు అధికారం లేదంటాది ఆయమ్మ. మేనేజరు సార్ ఫోన్ ఎత్తలే. మనుషులు దిగిపోయినారు సార్. నా మాట ఇప్పుడెవురూ ఇనరు. మీరొక్క మాట చెప్తే ఇంటారు."

నా కుడి పక్క నుంచి ఒక లారీ నీళ్లు చిమ్ముకుంటూ పోయింది. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. ఆ కోపం కూడా నా గొంతులోకి వచ్చింది.

"నాలుగు దినాలు వాన పడింది కదప్పా, ముగ్గు కారిపోయి ఉంటాది. తెర పచ్చగుంటే ఏం కాదులే. నేను బండి మీదున్నా, మళ్లా మాట్లాడతా."

"సరే సార్" అన్నాడు.

ఆ ఫోన్ నలభై తొమ్మిది సెకన్లు. ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది, చెరపలేదు.

పదకొండు గంటలకు హర్షవర్ధన్ ఫోన్ చేశాడు. దక్షిణం గోడ జారిందన్నాడు. కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. "ఎంతమంది?" అన్నాను.

"తొమ్మిది మందీ బయటపడ్డారు సార్. గాబ్రియేలుకు మాత్రం కాలు... కడపకు తీసుకొచ్చాం. సార్, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. మీరు సమయానికి చెప్పకపోతే తొమ్మిది శవాలుండేవి ఇక్కడ."

"నేను... ఏం చెప్పాను?"

"అందరినీ పైకి రమ్మని గాబ్రియేలుకు ఫోన్‌లో చెప్పారు కదా సార్. ఒక రకంగా మన సిస్టం పనిచేసినట్టే. సమాచారం సమయానికి మీ దాకా వచ్చింది కదా."

ఏమీ అర్థం కాలేదు. ఎదురుగా ఓర్వకల్లు కంపెనీవాళ్లు నా మొహం చూసి మంచినీళ్లు తెచ్చారు.

ఆ సాయంత్రానికి కడప ఆసుపత్రిలో ఉన్నాను. వరండాలో దావీదురాజు కనబడ్డాడు. పొక్లెయిన్ నడిపే మనిషి, ఆరడుగులవాడు. నన్ను చూసి వంగి కాళ్లకు దండం పెట్టబోయాడు. నేను వెనక్కి జరిగాను. అతను చెప్పింది ఇది. ఏడు దాటగానే గాబ్రియేలు గేటు వదిలేసి గుంతలోకి పరిగెత్తాడు. "ఓబుళేశు సార్ ఫోన్‌లో చెప్పినాడు, అందరూ పైకి రాండి, సార్ మాట!" అని అరుచుకుంటూ. మొదట ఎవరూ కదల్లేదు. గాబ్రియేలు హెల్మెట్ల మనిషి, అతని మాట ఎవరిక్కావాలి? కానీ మార్కులేసిన సార్ చెప్పాడంటే అది వేరే. ఎనిమిది మంది ఎక్కేశారు. దావీదురాజు మాత్రం పొక్లెయిన్ క్యాబిన్‌లో అద్దాలు మూసుకొని ఉన్నాడు, అరుపు వినబడలేదు. గాబ్రియేలు చివరిదాకా పోయి రాయి తీసుకొని అద్దం మీద కొట్టాడు.

"నేను దుంకి పరిగెత్తినా సార్. పెద్దాయప్ప నా ఎనకాలే ఉండాడు అనుకున్యా" అని దావీదురాజు గోడకు తల ఆనించి ఏడ్చాడు.

లోపల గాబ్రియేలు మంచం మీద కళ్లు తెరిచే ఉన్నాడు. రాళ్ల కింద నలిగిన కుడికాలు మోకాలి కిందినుంచి తీసేశారు. దుప్పటి అక్కడ చదునుగా ఉంది. సంతోషమ్మ లేచి నాకు స్టూలు జరిపి, బిడ్డకు ఫోన్ చేసొస్తానని బయటికి పోయింది. కడప దాకా బస్సులో నేను ఒకటే మాట నూరుకుంటూ వచ్చాను. నన్ను క్షమించప్పా, అని. ఎలా మొదలుపెట్టాలా అని తల వంచుకొని కూర్చున్నాను.

అతనే నా చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, నన్ను మన్నించాల. మీరు చెప్పని మాట చెప్పినారని చెప్పినా. అబద్ధమాడినా మీ పేరు మీద. ఇంకేం చేసేకి తోచలేదు సార్. నా పేరు చెప్తే ఇనరు కదా."

నేను అడగాల్సిన మన్నింపు అతను అడిగేశాడు. దాని తర్వాత ఇక నేనేం అడగను? సంఘంలో పెద్ద అతను. ఆదివారం నిలబడి పదిమందికి వాక్యం చదివి వినిపించే మనిషి. అతని నోట అబద్ధం రప్పించినవాణ్ణి నేను. నాకు అప్పుడు ఏడుపొచ్చింది. యాభై తొమ్మిదేళ్లవాణ్ణి, ఆసుపత్రి వార్డులో అందరి ముందూ ఏడ్చాను.

"విచారణకొచ్చినప్పుడు నిజం చెప్పేస్తా సార్" అన్నాడు గాబ్రియేలు. "మీకు మాట రాకూడదు."

అక్కడ నాకు భయం వేసింది. నిజం చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. నోటీసు ఉండగా, ఎవరూ చెప్పకుండా, అనుమతి లేకుండా దిగాడు అని రాస్తారు. కాలు పోయింది అతని తప్పే అని రాస్తారు. చివరికి ఆ తొమ్మిది మంది బతికింది పోయి, రూలు తప్పిన మనిషిగా మిగిలిపోతాడు.

"నువ్వేం చెప్పొద్దు" అన్నాను. "నేను దిగమన్నాను. పైకి పిలవమన్నాను. నేనే చెప్పాను."

"మీరు చెప్పలేదు కదా సార్" అన్నాడు నెమ్మదిగా. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది.

విచారణకు గనుల భద్రత శాఖ నుంచి ముగ్గురొచ్చారు. ఫోన్‌లో ఏమన్నారని నన్ను అడిగారు. "మనుషులను పైకి తీసుకురమ్మన్నాను" అని చెప్పి సంతకం పెట్టాను. గాబ్రియేలును అడిగితే, "సార్‌కు ఫోన్ చేసినా" అని అంతవరకే చెప్పి ఊరుకున్నాడట. నేను వేసిన నాలుగు మార్కులు తప్పు అని కూడా చెప్పాను. పరీక్షించకుండా వేశాను, ఆరో సూచన వేరే రిపోర్టు నుంచి తెచ్చి అతికించాను అని. అది వాళ్లు రాసుకున్నారు కానీ పెద్దగా పట్టించుకోలేదు. వాళ్ల కాగితంలో నేను ‘సమయస్ఫూర్తితో స్పందించిన నిపుణుడు’. దక్షిణం గోడ జారిన చివరనున్న ఆ ఆఖరి పెట్టె ముసురు మొదలైన రెండో రోజే చచ్చిపోయిందని తేలింది. తెర మాత్రం దాని ఆఖరి లెక్కను పట్టుకొని, మూడు రోజులుగా పచ్చగానే చూపిస్తూ ఉంది.

జనవరి నెలాఖరులో సంతోషమ్మ ఫోన్ చేసింది. ఇంటి దగ్గర కృతజ్ఞత కూడిక పెట్టుకున్నామని, నేను రాకపోతే ఆయన అన్నం ముట్టడని చెప్పింది. వెళ్లాను. ఇంటి ముందు షామియానా, చాపలు, తబలా, పాటలు. గాబ్రియేలు ముందు వరుసలో కుర్చీలో కూర్చున్నాడు, పక్కన చంక కర్రలు. సంఘం పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాక సాక్ష్యాలు మొదలయ్యాయి. అంటే దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెప్పడం.

దావీదురాజు లేచాడు. "దేవుడు ఓబుళేశు సార్ నోట్లో ఆ మాట పెట్టకపోయుంటే, ఈ పొద్దు నా పిల్లోళ్లు నన్ను చూసేవాళ్లు కాదు" అన్నాడు. తొమ్మిది మందీ లేచి నిలబడ్డారు. వాళ్ల భార్యలు, పిల్లలు నా వైపు తిరిగి చేతులు జోడించారు. అయ్యగారు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు.

లేచాను. ఇక్కడైనా చెప్పేద్దామనుకున్నాను. ఇది విచారణ కాదు, ఇక్కడ రాసుకునేవాళ్లు లేరు. నోరు తెరిచి గాబ్రియేలు వైపు చూశాను. సంఘమంతా అతని వెనక కూర్చొని ఉంది. నేను నిజం చెబితే వీళ్లందరి ఎదుటా అబద్ధికుడయ్యేది అతను. మళ్లీ నా భారం అతని మీద వేసి, నేను తేలికపడి బస్సెక్కడమేగా!

"నేనేం చేయలేదు" అన్నాను. "చేసిందంతా గాబ్రియేలే."

అందరూ చప్పట్లు కొట్టారు. పెద్ద మనిషి, ఎంత వినయం చూడు అని వెనక నుంచి ఎవరో ఆడమనిషి అనడం వినబడింది. గాబ్రియేలు ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. నన్నే చూస్తూ ఉన్నాడు, జ్వరమొచ్చిన పిల్లవాణ్ణి చూసినట్టు.

భోజనాలప్పుడు నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. సంతోషమ్మ మాంసం కూర వేసింది, వద్దన్నా మళ్లీ వేసింది. ముద్ద దిగడం లేదు. గాబ్రియేలు తన ఆకు వైపు చూసుకుంటూ, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

"సార్, మల్లా పొయినారంట కదా గని కాడికి."

"పోయినా. పోయిన వారం. గీతలు మళ్లా గీయమని రాసిచ్చినా. దావీదురాజు గీస్తాండాడు."

"చెప్పినాడు. వానికి చెయ్యి తిరగలేదింకా, పిండి పల్చగా కలపతాడు." ముద్ద కలుపుకున్నాడు. "పెట్టె చచ్చిపోతే ఇప్పుడేం రంగొస్తాది సార్?"

"బూడిద రంగు. కంపెనీవాడితో మార్పించినా."

"వాడు చెప్పినాడా, మీరు చూసినారా?"

"చూసినాను గాబ్రియేలూ. దక్షిణం గోడ కాడికి నేనే పోయి, వైరు నా చేత్తోనే పీకి, సుప్రజకు ఫోన్ చేసి అడిగినాను. ఇరవై నాలుగు పెట్టెలూ అట్లే చూసినాను."

"అంతే శాలు సార్" అన్నాడు. "తినండి, చల్లారిపోతాది."

తలవంచుకొని తిన్నాను. ఒక్క పెట్టె వైరు పీకి, రంగు కనుక్కొని, మళ్లీ తగిలించడానికి ఎంతసేపు పడుతుందని అతను అడగలేదు. అడుగుతాడేమోనని ఆకు ఎత్తేదాకా భయపడుతూనే ఉన్నాను. నాలుగు నిమిషాలు పట్టింది.